బెట్టకు గురైన ఆలివ్ చెట్టులో చేదు, ఘాటు ఎందుకు పెరుగుతాయి?

కందిపొడి:
అందరికీ నమస్కారం. నేను హైదరాబాద్‌లో డైటీషియన్‌ని. షుగర్, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఆలివ్ నూనె గురించి తరచూ అడుగుతుంటారు. ఈ మధ్య ఒక దిగుమతిదారు తన సీసాలు చూపించి, "ఇవి నీళ్లు పెట్టని తోటల నూనె మేడమ్, కరువు ఎంత ఎక్కువైతే పాలీఫీనాల్స్ అంత ఎక్కువ, అందుకే ఈ ధర" అన్నాడు. నూనె బాగా చేదుగా ఉంది. మింగితే గొంతు చివర చురుక్కుమని దగ్గు వచ్చింది.

కరువులో చెట్టు నిజంగానే చేదు, ఘాటు ఇచ్చే ఈ పాలీఫీనాల్స్ అనే పదార్థాలను ఎక్కువ తయారు చేస్తుందా? చేస్తే ఎందుకు చేస్తుంది? కరువు పెరిగేకొద్దీ అవి కూడా పెరుగుతూనే ఉంటాయా? పేషెంట్లకు తప్పు చెప్పకూడదు కాబట్టి కాస్త వివరంగా చెప్పగలరు.

కోర్డోబా_నుంచి:
కందిపొడి గారూ, నేను దక్షిణ స్పెయిన్‌లోని కోర్డోబాలో ఆలివ్ చెట్ల నీటి వాడకం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆయన మాటల్లో కరువుకూ పాలీఫీనాల్స్‌కూ సంబంధం ఉందన్నంతవరకు నిజం. "ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ" అన్నది మాత్రం నిజం కాదు.

నేలలో తేమ తగ్గగానే ఆలివ్ తన ఆకుల అడుగు వైపున్న రంధ్రాలను మూసుకోవడం మొదలుపెడుతుంది. నీళ్లు ఆవిరైపోవడం తగ్గుతుంది. అయితే ఆ దారిలోనే లోపలికి రావాల్సిన కార్బన్ డయాక్సైడ్ కూడా తగ్గుతుంది. ఇక్కడ జూలైలో పగటి వేడి 40 డిగ్రీల దాకా పోతుంది, ఆకాశంలో మబ్బు తునక ఉండదు. ఆకు మీద పడే ఎండ ఏమాత్రం తగ్గదు. ఆ ఎండను చక్కెరగా మార్చడానికి సరిపడా కార్బన్ లేకపోతే, మిగిలిన శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లుతుంది. సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడతాయి. అవి కణాల పొరలనూ ప్రోటీన్లనూ పత్రహరితాన్నీ దెబ్బతీస్తాయి. చెట్టు వాటిని ఆపడానికి వాడే వాటిలో ఫీనాల్స్, అంటే ఆ దిగుమతిదారు చెప్పిన పాలీఫీనాల్స్, ముఖ్యమైనవి. ఒలియురోపీన్, హైడ్రాక్సీటైరోసాల్, వెర్బాస్కోసైడ్, లూటియోలిన్ గ్లూకోసైడ్ అన్నీ ఆ జాతివే.

ఇక కార్బన్ ఖర్చు సంగతి. బెట్ట మొదలైనప్పుడు చెట్టు ముందుగా ఆపేది పెరుగుదలను. కొత్త రెమ్మ సాగాలంటే కణాల్లో నీటి ఒత్తిడి ఉండాలి, అది తగ్గగానే రెమ్మ ఆగిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ మాత్రం తక్కువ స్థాయిలోనైనా ఇంకా నడుస్తూనే ఉంటుంది. రెమ్మకు పోవాల్సిన చక్కెర అలా మిగులుతుంది. అందులో కొంత రక్షణ పదార్థాల తయారీకి వెళ్తుంది. బెట్ట ముదిరాక కిరణజన్య సంయోగక్రియ కూడా పడిపోతుంది, ఇక మిగిలే చక్కెరే ఉండదు. అక్కడి నుంచి ఫీనాల్స్ కూడా తగ్గడం మొదలవుతుంది. అంటే కొంత దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతాయి. ఎక్కడి దాకా పెరుగుతాయన్నది రకాన్ని బట్టి, చెట్టు వయసును బట్టి, నేలను బట్టి మారుతుంది. ఆకులో ఒకలా, వేరులో ఒకలా, కాయలో ఇంకోలా ఉంటుంది కూడా.

సీమరైతు:
అన్నా, మాది అనంతపురం జిల్లా. చీనీ తోట ఉంది. చీనీని మేమే కావాలని బెట్టకు వదులుతాం. నీళ్లు ఆపి, ఆకు వాడి కొంచెం రాలేదాకా చూసి, మళ్లీ ఎరువు, నీళ్లు ఇస్తే పూత ఒక్కసారిగా వస్తుంది. ఎన్ని రోజులు ఆపాలో తెలియని కొత్తవాళ్లు చెట్లు పోగొట్టుకున్నారు. ఆలివ్‌లో కూడా ఇట్లా కావాలని నీళ్లు ఆపుతారా? ఏ దశలో?

కోర్డోబా_నుంచి:
ఆపుతారన్నా. ఇక్కడ పూత కోసం కాదు, నీళ్లు మిగుల్చుకోవడం కోసం. స్పెయిన్‌లో ఆలివ్ మే నెల అటూ ఇటూగా పూస్తుంది. పిందె నిలబడ్డాక జూలై నుంచి ఆగస్టు సగం దాకా కాయ లోపల టెంక గట్టిపడుతుంది. ఆ దశలో నీళ్లు తగ్గించినా దిగుబడికి పెద్దగా నష్టం ఉండదు. ఆగస్టు చివర నుంచి కాయలో నూనె పట్టడం జోరందుకుంటుంది, అప్పుడు మళ్లీ డ్రిప్ ఇస్తారు. పూత, పిందె దశలో మాత్రం ఆపకూడదు. అప్పుడు బెట్ట తగిలితే ఆ ఏడాది కాపే ఉండదు.

ఇలా దశ చూసి నీళ్లు తగ్గించిన తోటల్లో, పూర్తిగా నీళ్లు పెట్టిన తోటల కంటే నూనెలో ఫీనాల్స్ సాధారణంగా ఎక్కువ ఉంటాయి. చీనీలో మీరు చేసేదానికీ దీనికీ ఉద్దేశం వేరు కానీ, ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు విడవాలి అన్న తెలివి ఒకటే.

బోటనీ_టీచర్:
చర్చ బాగుంది. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను, ఒలియురోపీన్ గురించి నాలుగు మాటలు కలుపుతాను.

ఆలివ్, మల్లె, పారిజాతం మూడూ ఒలియేసీ కుటుంబానివే. ఆలివ్ ఆకు చిన్నగా, మందంగా ఉంటుంది. పైన మైనపు పూత, అడుగున గొడుగుల్లాంటి సన్నటి నూగు. ఆకు వెండి రంగులో కనిపించేది ఆ నూగు వల్లే. ఆ నూగులో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే ఫ్లేవనాయిడ్లు ఉంటాయి. లోపల మానిటాల్ అనే చక్కెర ఆల్కహాల్ పేరుకుంటుంది. ఇది ఫీనాల్ కాదు. కణంలో నీటిని పట్టి ఉంచుతుంది, పైగా హానికరమైన ఆక్సిజన్ రూపాల్లో ఒకదాన్ని తానే అణుస్తుంది. నీళ్లు తగ్గేకొద్దీ నీటిని లాగడం ఎంత కష్టమవుతుందో మెగాపాస్కల్స్ అనే కొలతలో మైనస్ అంకెగా చెప్తారు. నేలలో అది మైనస్ 1.5 దగ్గరికి దిగితే చాలా పంటలు వాడిపోయి ఇక లేవవు. ఆలివ్ ఆకు మైనస్ 7 దాకా దిగినా నీళ్లు తగలగానే కోలుకుంటుంది.

ఇక ఒలియురోపీన్. లేత పిందెల్లో ఎండు బరువులో 14 శాతం దాకా ఉన్నట్టు కొలిచారు. ఆలివ్ కాయను చెట్టు మీద నుంచి కోసి నేరుగా తినలేకపోవడానికి కారణం ఇదే, నోట్లో పెట్టలేనంత చేదు. ఊరబెట్టే ముందు ఉప్పునీటిలోనో, కాస్టిక్ సోడా నీటిలోనో నానబెట్టేది ఈ చేదు పోగొట్టడానికే. కణంలో ఇది ఒక చోట ఉంటుంది, దీన్ని విరగ్గొట్టే బీటా గ్లూకోసిడేజ్ అనే ఎంజైమ్ ఇంకో చోట ఉంటుంది. పురుగు కొరికి కణం చితికినప్పుడు రెండూ కలుస్తాయి. ఎంజైమ్ గ్లూకోజ్ ముక్కను కోసేస్తుంది, మిగిలిన భాగం పురుగు తిన్న ప్రోటీన్లకు గట్టిగా అంటుకుని వాటిని అరగకుండా చేస్తుంది. కడుపు నిండా తిన్నా పురుగుకు ఒంటికి పట్టదు.

ఆలివ్ మిల్లులో కాయను నూరినప్పుడు జరిగేది కూడా ఇదే చర్య. ఒలియురోపీన్ విరిగి ఒలియాసీన్, దాని తోటి పదార్థం లిగ్‌స్ట్రోసైడ్ విరిగి ఒలియోకాంథాల్ వస్తాయి. కందిపొడి గారి గొంతులో చురుక్కుమన్నది ఒలియోకాంథాల్. ఇది శరీరంలో ఐబుప్రొఫెన్ మాత్ర అడ్డుకునే ఎంజైమ్‌లనే అడ్డుకుంటుందని 2005లో నేచర్ పత్రికలో వచ్చింది. చెట్టు పురుగు కోసం సిద్ధం చేసుకున్న రక్షణను మనం నూనెలో రుచి చూస్తున్నామన్నమాట. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

లెక్కలమనిషి:
ఒక సందేహం. నీళ్లు లేని చెట్టు కాయ చిన్నదవుతుంది, అందులో నీరు తగ్గుతుంది. అప్పుడు కిలోకు ఇన్ని మిల్లీగ్రాములని కొలిస్తే ఫీనాల్స్ పెరిగినట్టే కనిపిస్తాయి కదా? పాలు మరిగిస్తే చిక్కబడతాయి, అంతమాత్రాన వెన్న పెరిగినట్టు కాదు. చెట్టు నిజంగా కొత్తగా తయారు చేసిందని ఎలా చెప్తారు? ఇంకొకటి, ఎకరానికి మొత్తం ఎన్ని ఫీనాల్స్ వచ్చాయని లెక్క కడితే కరువు తోటలో తగ్గిపోయి ఉండొచ్చు. ఆ లెక్క ఎవరూ ఎందుకు చెప్పరు?

కోర్డోబా_నుంచి:
చాలా అవసరమైన ప్రశ్న. మీరన్న చిక్కబడడం నిజంగానే ఉంది, ఫలితంలో దాని వాటా ఎంతో విడదీసి చూడాల్సిందే. ఎండు బరువు మీద లెక్క కడితే నీరు తగ్గడం వల్ల వచ్చే తేడా చాలావరకు పోతుంది. అలా చూసిన చాలా ప్రయోగాల్లో కూడా మితమైన బెట్టకు ఫీనాల్స్ పెరిగాయి.

ఇంతకంటే గట్టి ఆధారం ఎంజైమ్ దగ్గర ఉంది. మొక్కలో ఫీనాల్స్ తయారీకి మొదటి మెట్టు ఫెనైల్అలనిన్ అమోనియా లయేజ్ అనే ఎంజైమ్, పొట్టిగా అందరూ పాల్ (PAL) అంటారు. ఈశాన్య స్పెయిన్‌లోని కాటలోనియాలో అర్బెకీనా రకం తోటలకు వేర్వేరు మోతాదుల్లో నీళ్లిచ్చి కాయలో పాల్ చురుకుదనాన్ని కొలిచారు. నీళ్లు తక్కువైన చెట్ల కాయల్లో అది ఎక్కువగా ఉంది, ఆ కాయల నూనెలో ఫీనాల్స్ కూడా ఎక్కువగా ఉన్నాయి. నీరు తగ్గి చిక్కబడడమే కారణమైతే ఎంజైమ్ పని పెరగాల్సిన అవసరం లేదు. కాబట్టి చెట్టు నిజంగానే ఎక్కువ తయారు చేస్తోంది.

ఎకరం లెక్క మీరు ఊహించినట్టే ఉంటుంది. బెట్ట తీవ్రమైతే కాయలే తగ్గిపోతాయి, దిగుబడి సగానికి పడితే కిలోకు కొంచెం పెరిగిన ఫీనాల్స్ ఆ నష్టాన్ని పూడ్చవు. సీసా అమ్మేవాడు కిలో లెక్క చెప్తాడు, రైతుకు కావాల్సింది ఎకరం లెక్క. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇంకో మాట. అన్ని రకాలూ ఒకేలా స్పందించవు. గ్రీస్, ట్యునీషియా, స్పెయిన్‌లలో చేసిన ప్రయోగాల్లో ఒకే స్థాయి బెట్టకు కొన్ని రకాల ఆకుల్లో ఒలియురోపీన్ పెరిగింది, కొన్నిటిలో పెద్దగా మారలేదు, కొన్నిటిలో తగ్గింది. ఒక్క పేపర్ చదివి "ఆలివ్‌లో ఇంతే" అనేవాళ్లను నమ్మకండి.

బారీ_బాబాయ్:
నేను దక్షిణ ఇటలీలో పూల్యా ప్రాంతంలో ఉంటాను, మిల్లు యంత్రాల కంపెనీలో పని. తోటలో ఎంత తయారైందన్నది ఒక లెక్క, సీసాలోకి ఎంత వచ్చిందన్నది ఇంకో లెక్క. ఈ రెండోది ఎవరూ మాట్లాడలేదు.

ఫీనాల్స్ ఎక్కువగా నీటిలో కరిగేవి. కాయ నూరి నూనె తీసినప్పుడు కాయలోని ఫీనాల్స్‌లో నూనెలోకి వచ్చేది దాదాపు 2 శాతమే. మిగిలినదంతా మురుగునీటిలోకి, పిప్పిలోకి పోతుంది. కాయలో నీరు ఎంత ఎక్కువ ఉంటే నీటితో పాటు అంత కొట్టుకుపోతుంది. ఎండిన తోటల నూనె ఘాటుగా ఉండడానికి ఇదీ ఒక కారణం. పాత యంత్రాల్లో గుజ్జులో వేడినీళ్లు కలిపేవాళ్లు, ఇప్పటి రెండు దారుల డికాంటర్లలో, అంటే గుజ్జు నుంచి నూనెను వేరుచేసే యంత్రాల్లో, నీళ్లు దాదాపు కలపరు, కాబట్టి ఫీనాల్స్ ఎక్కువ మిగులుతాయి. అంటే యంత్రం మార్చితేనే సీసాలో లెక్క మారిపోతుంది, చెట్టుకు నీళ్లు ఆపాల్సిన పనే లేదు.

రకం ప్రభావం దీనికంటే పెద్దది. మా దగ్గరి కొరటీనా రకానికి బాగా నీళ్లు పెట్టినా చేదు, ఘాటు ఉంటాయి. అర్బెకీనాను ఎండగట్టినా కొరటీనా దగ్గరికి రాదు. స్పెయిన్‌లో పికువల్, గ్రీస్‌లో కొరొనెయికి ఘాటైన రకాలే. ఆ తర్వాత కోత సమయం. అక్టోబరులో పచ్చికాయ కోస్తే ఫీనాల్స్ ఎక్కువ, నూనె తక్కువ. డిసెంబరులో నల్లబడ్డాక కోస్తే నూనె ఎక్కువ, ఫీనాల్స్ తక్కువ. కాయ పండేకొద్దీ ఒలియురోపీన్ తగ్గిపోతుంది.

ఈగ సంగతి కూడా చెప్పాలి. ఆలివ్ కాయ ఈగకు నీళ్లు పెట్టిన తోటల్లోని బొద్దు కాయలంటే ఇష్టం. ఎండలు బాగా కాసిన ఎండు వేసవిలో దాని గుడ్లు, పురుగులు చచ్చిపోతాయి. పుచ్చు లేని కాయ కాబట్టి అలాంటి ఏడాది నూనె శుభ్రంగా వస్తుంది. కరువు వల్ల నూనె బాగుందని జనం అనుకునే దాంట్లో ఈగ లేకపోవడం వాటా కూడా ఉంటుంది.

కందిపొడి:
చాలా ఉపయోగంగా ఉంది. ఆలివ్ ఆకుల టీ గురించి కూడా అడుగుతున్నారు. ఆకులో ఒలియురోపీన్ ఉందంటే టీలో ఉన్నట్టేనా?

బోటనీ_టీచర్:
ఉంటుందండీ, అది నీటిలో కరుగుతుంది. నూనెలో మాత్రం ఒలియురోపీన్ దాదాపు ఉండదు, అది విరిగి పుట్టినవే ఉంటాయి. కాబట్టి టీ, నూనె రెండూ ఒకటి కాదు. ఆకులోని పదార్థాలకు బీపీని, షుగర్‌ను కొంత తగ్గించే గుణం ఉంది. ఇప్పటికే మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా మొదలుపెట్టకూడదు, మీరూ అదే చెప్పండి.

సీమరైతు:
ఇంత చదివాక నాకు ఇంకో ప్రశ్న. మా వైపు ఒకాయన ఆలివ్ మొక్కలు అమ్ముతున్నాడు. "కరువును తట్టుకుంటుంది, అనంతపురానికి ఇదే సరైన పంట" అంటున్నాడు. మా పక్క పొలం ఆయన అడ్వాన్స్ ఇచ్చేలా ఉన్నాడు. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అక్కడ ఎంత పడుతుంది? పెట్టొచ్చా?

కోర్డోబా_నుంచి:
అన్నా, అడ్వాన్స్ ఇవ్వొద్దని ఆయనకు వెంటనే చెప్పండి.

వాన లెక్క ఒక్కటే చూస్తే అమ్మేవాడి మాట సరైనదే అనిపిస్తుంది. ప్రపంచంలో అతి ఎక్కువ ఆలివ్ నూనె ఇచ్చే, స్పెయిన్‌లోని జాయెన్ ప్రాంతంలో ఆరు కోట్లకు పైగా చెట్లున్నాయి, అక్కడ పడే వాన దాదాపు మీ అంతే. ట్యునీషియాలోని స్ఫాక్స్‌లో 200 మిల్లీమీటర్లే. అక్కడ షెమ్లాలి రకాన్ని చెట్టుకూ చెట్టుకూ 24 మీటర్ల దూరంలో పెడతారు, హెక్టారుకు 17 చెట్లే. ప్రతి చెట్టుకూ వేళ్లు పరుచుకోవడానికి అంత నేల వదిలితేనే ఆ వానతో బతుకుతుంది.

తేడా చలిలో ఉంది. ఆలివ్ పూమొగ్గ కట్టాలంటే శీతాకాలంలో వారాల తరబడి రాత్రులు 10 డిగ్రీల లోపు, పగళ్లు 20 లోపు ఉండాలి. అనంతపురంలో డిసెంబరు రాత్రి కూడా సగటున 17 దగ్గర ఉంటుంది. చెట్టు బతుకుతుంది, ఆకు పచ్చగా ఉంటుంది, పూత రాదు. చీనీకి బెట్ట పెట్టినట్టు పెడితే పూస్తుందేమో అనుకోవచ్చు, ఆలివ్‌కు బెట్ట చలికి బదులు కాదు. వాన కాలం కూడా తిరగబడి ఉంది. ఇక్కడ వాన అక్టోబరు నుంచి మే దాకా చలికాలంలో పడుతుంది, వేసవి ఎండు. మీకు వేడి కాలంలోనే వాన.

మన దేశంలో చలి బాగా ఉండే రాజస్థాన్‌లో 2007లో ఇజ్రాయెల్ నుంచి మొక్కలు తెచ్చి ప్రభుత్వమే మొదలుపెట్టింది. 2014లో బికనీర్ దగ్గర లూణకరణ్‌సర్‌లో నూనె శుద్ధి కేంద్రం కూడా పెట్టారు. అక్కడ కూడా కాపు ఆశించినంత రాలేదు, అందుకే ఆకుల టీ వైపు మళ్లారు. అంత చలి ఉన్న చోటే ఇలా ఉంటే మీ దగ్గర సంగతి చెప్పక్కర్లేదు.

సీమరైతు:
ఇది ప్రింట్ తీసి ఆయనకు ఇస్తానన్నా. మేలు చేశారు.

లెక్కలమనిషి:
మళ్లీ కరువు దగ్గరికి వద్దాం. 2023లో ఆలివ్ నూనె ధరలు ఆకాశాన్ని అంటాయి కదా. ఆ ఏడాది స్పెయిన్ నూనెలో ఫీనాల్స్ ఎక్కువ అని ఎవరైనా అమ్మితే నమ్మాలా?

కోర్డోబా_నుంచి:
ఏడాదిని చూసి నమ్మకండి, ఆ సీసాకు పరీక్ష ఉంటేనే నమ్మండి. నేను ఇక్కడే ఉన్నాను, ఆ కరువు గురించి చెప్పాలి. 2021-22లో స్పెయిన్ సుమారు 14.9 లక్షల టన్నుల నూనె తీసింది. 2022-23లో అది 6.6 లక్షల టన్నుల దగ్గరికి పడిపోయింది. మరుసటి ఏడాది కోలుకుంటుందనుకుంటే, 2023 ఏప్రిల్ 27న కోర్డోబాలో 38.8 డిగ్రీలు నమోదైంది. స్పెయిన్ ప్రధాన భూభాగంలో ఏప్రిల్‌లో అంత వేడి అంతకు ముందు ఎన్నడూ లేదు. సరిగ్గా పూతకు ముందు. ఆ పంట కూడా 8.5 లక్షల టన్నుల దగ్గరే ఆగింది. 2024 జనవరిలో మిల్లు దగ్గరే కిలో 9 యూరోలు దాటింది, అయినా చాలామంది చిన్న రైతుల దగ్గర అమ్మడానికి నూనే లేదు.

ఆ వేసవి నీళ్లు పెట్టని తోటల్లో కాయలు కొమ్మ మీదే ముడుచుకుపోయి, సెప్టెంబరులో రాలిపోయాయి. చెట్టు ఆకుల్ని కూడా వదిలేసుకుంది. ఆ స్థితిలో చెట్టుకు రక్షణ పదార్థాలు చేసుకునే బలం ఉండదు, ఉన్న నిల్వను బతకడానికి ఖర్చు పెడుతుంది. మితమైన బెట్ట వేరు, అలాంటి కరువు వేరు. కరువును నూనెకు రుచి పెంచే మసాలాలా సీసా మీద రాసి అమ్మడం నాకు బాధ కలిగిస్తుంది. ఆ తోటల్లో తిరిగినవాళ్లెవరూ అలా రాయరు.

కందిపొడి:
అర్థమైంది. అయితే నేను పేషెంట్‌కు ఏం చూసి కొనమని చెప్పాలి?

బారీ_బాబాయ్:
"కరువు", "వర్షాధారం" అన్న మాటలు పక్కన పెట్టమ్మా. మూడు విషయాలు చాలు. సీసా మీద కోత తేదీ ఉండాలి, అది ఏడాది లోపుదై ఉండాలి. రకం పేరు ఉండాలి. ఫీనాల్స్ అంకె ఉంటే ఇంకా మంచిది. యూరప్‌లో 2012 నాటి నిబంధన 432 ప్రకారం, 20 గ్రాముల నూనెలో హైడ్రాక్సీటైరోసాల్, దాని సంబంధిత పదార్థాలు కలిపి కనీసం 5 మిల్లీగ్రాములు ఉంటేనే "రక్తంలోని కొవ్వును ఆక్సీకరణ నుంచి కాపాడడంలో తోడ్పడుతుంది" అని రాసుకోవచ్చు. అంటే కిలోకు 250 మిల్లీగ్రాములు. ఆ వాక్యం ఉన్న సీసా అయితే చెట్టుకు నీళ్లు పెట్టారా లేదా అన్నది నీకు అక్కర్లేదు.

బోటనీ_టీచర్:
బాబాయ్ గారి మాటకు ఒకటి కలుపుతాను. ఆ నూనెను పోపుకు వాడొద్దని చెప్పండి. వేడికి హైడ్రాక్సీటైరోసాల్ జాతి పదార్థాలు త్వరగా తగ్గుతాయి, చేదు కూడా కూరకు సరిపడదు. పోపు మామూలు నూనెతో పెట్టుకుని, ఇది వడ్డించాక పప్పు మీదో, ఉడికించిన శనగల మీదో వేసుకుంటే చాలు. రంగు సీసాలో, పొయ్యికి దూరంగా, మూత బిగించి పెట్టుకోవాలి. తెరిచాక రెండు మూడు నెలల్లో అయిపోయేంత చిన్న సీసానే కొనమనండి.